కిటికీ తాగిన మందు

కోడలు పట్టు పట్టిందంటే వదిలే రకం కాదు. పిల్లకి ఉబ్బసమని తేలినప్పటినుంచి సాక్ష్యాలు పోగుచేస్తూనే ఉంది. డాక్టరు గుమ్మం తొక్కగానే పిల్ల ఛాతీలోని పిల్లికూతలు నిజంగా పిల్లిలాగే ఎక్కడో నక్కుతాయి కాబట్టి, ఇంట్లో వచ్చినప్పుడల్లా ఫోన్లో పట్టింది. ఊపిరి బలం కొలిచే గొట్టం కొని రోజూ సాయంత్రం ఊదించింది. వాడేసిన ఇన్‌హేలర్లు కూడా పారెయ్యకుండా డబ్బాలో దాచింది. ఆ డబ్బా ఇప్పుడు డాక్టరమ్మ బల్లమీద ఉంది. నానమ్మ దానివంక చూడకుండా, గోడమీది ఊపిరితిత్తుల బొమ్మను తెగ చూస్తోంది.

పిల్లకి ఇంట్లో పేరు పిచ్చుక. కోడలు బస్సు డిపోలో డ్యూటీకి చీకటితోనే వెళ్లిపోతుంది. పిల్లని లేపడం, జడలెయ్యడం, మందు పట్టడం నానమ్మ వంతు. ఆయాసం వచ్చినప్పుడు పట్టే మందుతో ఆమెకి పేచీ లేదు. రోజూ పొద్దున పట్టాల్సిన రెండోదంటేనే గిట్టదు. అది అలవాటైతే జీవితాంతం వదలదని ఎవరో చెవిన వేశారు, ఆ మాట అక్కడే కాపురం పెట్టింది. కోడలితో పోట్లాడే ఓపిక లేదు. అందుకని ఆ మందుని వంటింటి కిటికీలోంచి బయటికి నొక్కేసేది. ఇన్‌హేలర్ వెనక, మందు ఇంకా ఎన్నిసార్లకి వస్తుందో చూపే అంకె తగ్గేది, కోడలు సంతోషించేది, ఇల్లు చల్లగా ఉండేది. "మనిద్దరి మధ్యేనే," అని పిచ్చుకకి చెప్పింది.

డాక్టరమ్మ ఖాళీ ఇన్‌హేలర్లు తిప్పి చూసింది, ఫోన్లో పిల్లికూతలు వింది.

"మందు క్రమంగానే వాడారు. అయినా తగ్గట్లేదంటే ఇది చాలట్లేదన్నమాట. ఇంతకంటే గట్టిది రాయాలి. మాత్రలు కూడా."

ఆ మాటతో నానమ్మకి, తమ్ముణ్ణి గుమ్మంలోంచి గెంటేస్తే అన్నగారు పెట్టె సర్దుకుని వచ్చినట్టుంది. చెబితే కోడలి ముందు తలెత్తుకోలేదు. చెప్పకపోతే ఆ గట్టి మందంతా పిల్ల మింగాలి. తేలు కుట్టిన దొంగలా కూర్చుండిపోయింది.

"రాసేముందు ఒక్కమాట," డాక్టరమ్మ పిల్లవైపు తిరిగింది. "రోజూ పొద్దున మందు తీసుకుంటున్నావా తల్లీ?"

పిచ్చుక నానమ్మ మొహంలోకి చూసింది. "తీసుకుంటున్నా."

"ఎప్పుడూ మానలేదా?"

"ఎప్పుడూ... మానలేదు." మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంది.

నానమ్మ ఇక తట్టుకోలేకపోయింది. పిల్ల తనకోసం అబద్ధమాడుతోంది. ఆ రెండు ముక్కల అబద్ధానికి కూడా దానికి ఊపిరి చాలట్లేదు.

"అది అబద్ధమమ్మా. నేర్పింది నేనే," అంది. "ఆ మందంతా మా వంటింటి కిటికీ తాగింది."

కోడలు తలతిప్పి అత్తగారి వంక చూసింది. డాక్టరమ్మ కలం కింద పెట్టింది.

"మంచిపని చేశారు, ఇప్పుడైనా చెప్పారు. మందు పనిచెయ్యక కాదు, అసలు మొదలే పెట్టలేదు. గట్టిదేమీ వద్దు, ఇదే పట్టండి. ఇది మత్తుమందు కాదమ్మా అలవాటవడానికి, ఊపిరి గొట్టాల్లో వాపు తీస్తుంది. నెల తర్వాత తీసుకురండి."

దారంతా పిచ్చుక ఒక్కతే మాట్లాడింది. ఇంటికొచ్చాక కోడలు కొత్త ఇన్‌హేలర్ అట్టపెట్టె విప్పి అత్తగారి చేతిలో పెట్టింది.

"మళ్లీ నాకెందుకమ్మాయ్?" నానమ్మ దాన్ని తిరిగి ఇవ్వబోయింది.

"పొద్దున డ్యూటీ ఉంది. మీరు కాక ఇంకెవరు పడతారత్తయ్యా?" కోడలి గొంతులో కోపం ఉంది, దాన్ని దాచుకోనూ లేదు. "కిటికీ మూసి పట్టండి."