చెవికి ఆనించిన తెడ్డు

పెద్దులు తెడ్డు ఒక కొనను బస్సు ఇంజను మీద ఆనించి, రెండో కొనను చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఇంజను దడదడలాడుతోంది. డ్రైవరు జంగయ్య, దవాఖానలో బిడ్డను పడుకోబెట్టిన తండ్రిలా, ఆయన మొహం వంకే చూస్తున్నాడు.

"రెండో రోకలికి దగ్గు పట్టింది. ఫికర్ లేదు, పట్నం దాకా పోతది."

"పోతదా, నడుమల ఆగుతదా మిస్త్రీ?"

"పోయేది బస్సు. ఆగాల్సింది నీ నోరు. జర విననియ్యి."

కూర రుచి తెడ్డుకేం తెలుసని సామెత. ఆ సామెత చెప్పినవాడు కట్టంగూరు రోడ్డు పక్కనున్న ఈ రేకుల షెడ్డును చూసి ఉండడు. భార్య గుర్వమ్మ అంబలి కలుపుకునే తెడ్డును ఒకనాడు ఎత్తుకొచ్చి, పన్నెండేళ్ళుగా దాంతోనే బండ్ల గుండెలు వింటున్నాడు పెద్దులు. పొట్టి మనిషి. గోళ్ళ కింది నలుపు ఏ సబ్బుకూ లొంగేది కాదు. క్లీనరుగా ఉన్న రోజుల్లో జాకీ జారి లారీ కుడికాలి మీద కూర్చుంది. అప్పటినుంచి ఆ కాలుతో నడవడు; మొండికేసిన దూడను తెచ్చుకున్నట్టు దాన్ని వెంట ఈడ్చుకొస్తాడు.

ఈ మనిషి రేడియోలో మాట్లాడతాడు. మూడేళ్ళ కిందట పట్నం రేడియో ఉద్యోగి ఒకాయన కారు ఈ షెడ్డు ముందే ఆగిపోయింది. పెద్దులు బాగుచేస్తూనే సిలిండరూ పిస్టనూ చూపించి, "గిది రోలు సారూ, గిది రోకలి. గీ పొయ్యిల గాలీ పెట్రోలూ కలుస్తయి. నిప్పు తగిలితే రోకలి దుంకుతది, బండి ఉరుకుతది" అని చెప్పుకుపోయాడు. కారు కదిలేసరికి ఆయనకు కారు అర్థమైంది. ఆ తర్వాత ప్రతి గురువారం సాయంత్రం ఆరింటికి పావుగంట పెద్దులుదే. "మరకు మత్తు వదిలిస్తే మరమ్మత్తు. గంతే. భయపడకండ్రి" అని మొదలుపెట్టేవాడు. పోచంపల్లిలో మగ్గం దిగి బస్సు ముందు మూత ఎత్తి చూసినవాళ్ళున్నారు. ఆత్మకూరు దగ్గర జానమ్మ అనే ఆవిడ తెడ్డుతో బావి ఇంజను రోగం తానే కనిపెట్టింది. ఆ ఏడు చాలా ఇళ్ళలో అంబలి ఇంజను నూనె వాసన వేసింది. రేడియో వాళ్ళు మాత్రం ఏనాడూ "ఒక మిస్త్రీ మాట్లాడతారు" అనడమే తప్ప పేరు చెప్పలేదు. రిపేరులో పేరుంది గాని, చేసేవాడికి దక్కలేదు.

ఇవాళ గురువారం. పది గంటలకు జంగయ్య బస్సులోనే పెద్దులు పట్నం బయలుదేరాలి. గుర్వమ్మ ఉతికిన అంగీ షెడ్డులో గూటానికి తగిలించి పోయింది. ఆ సమయానికే పక్కింటి హనుమమ్మ వచ్చి తడిక పట్టుకుని నిలబడింది. డెబ్బై ఏళ్ళ ముసలమ్మ, ఒంటిది.

"నాయినా పెద్దులు, మొన్న పోలీసోళ్ళ క్యాంపు లారీ నా వాకిట్ల నిలవడ్డది గద. దానికి జర బెల్లం పెట్టిన."

"లారీకా అవ్వా?"

"ఇంటికొచ్చిన ఎద్దుకు పెట్టమా? గట్లనే. పక్కన మూత తీసున్నది. నోరనుకున్న. కడుపు నిండి పోతే మల్ల కోపంతోని రాదని."

"ఎంత పెట్టినవ్?"

"ఉన్నదంత."

పెద్దులు తెడ్డు పట్టుకుని వంగిపోయి నవ్వాడు. ఆ నవ్వు సగంలోనే ఆగింది. "ఎవ్వరికీ చెప్పకు అవ్వా. నీ దేవునిక్కూడ."

రజాకార్ల పీడ వదిలించడానికి పోలీసు చర్య వచ్చింది; జనం ఊపిరి పీల్చుకున్నారు. చర్య అయిదు రోజుల్లో ముగిసింది. పోలీసులు ఏడాదైనా ముగియలేదు. దొరల మీద తిరగబడ్డ సంఘం వాళ్ళను వెతికే పేరుతో ఊరి బయట క్యాంపు వేసి, ఇళ్ళలో కుండలు పగలగొట్టి మరీ వెతుకుతున్నారు. కుండలో దాక్కునేంత సన్నటి మనుషులు వాళ్ళ లెక్కలో ఎంతమంది ఉన్నారో మరి.

జీపు వచ్చి షెడ్డు ముందు ఆగింది. కోస్తా నుంచి వచ్చిన జవాను ఒకడు దిగాడు.

"రేడియోలో వాగే మిస్త్రీవి నువ్వేనా?"

"వాగు ఎండకాలం ఎండుతది సారూ. నేను మాట్లాడుత."

"మా లారీ ట్యాంకులో బెల్లం దొరికింది. బెల్లం పడితే బండి ఆగుతుందని పోయిన నెల చెప్పావా లేదా?"

"పడనియ్యకండ్రి అని చెప్పిన. బెల్లం డబ్బా, పెట్రోలు డబ్బా ఒక్క జాగల పెట్టొద్దన్న."

"ఆగుతుందని చెప్పావా లేదా?"

"బాయి ఉన్నది, పడతవు అని చెప్పినోడే తోసినట్టా సారూ?"

"అయితే ఎవరు పోశారో చెప్పు. చెప్పి నీ రేడియోకి పో."

హనుమమ్మ పెదవులు కదిలాయి. పెద్దులు అటు తిరగకుండానే అన్నాడు. "అవ్వా, నీ పొయ్యి మీద గటక మాడుతాంది. పో."

ఆ పూట ఆమె పొయ్యే వెలిగించలేదు. అయినా వెళ్ళింది.

"నాకెర్క లేదు సారూ. బండి మాత్రం బాగు చేస్త. బస్సు టైంకు ఇడిసిపెట్టుండ్రి."

పెద్దులు తెడ్డు చంకలో పెట్టుకోబోతే జవాను లాక్కుని షెడ్డులోకి విసిరాడు. ఆయుధాలు తేకూడదట. అంబలి కలిపేది ఆయుధం. భుజానికి వేలాడే తుపాకీ మాత్రం అలంకారం. పెద్దులు కాలు ఈడ్చుకుంటూ వెళ్ళి జీపెక్కాడు.

పది గంటల బస్సును ప్రయాణికుల చేత తిట్లు తింటూ జంగయ్య పదకొండు దాకా ఆపాడు. తర్వాత కదిలించక తప్పలేదు.

సాయంత్రం గాలయ్య హోటలు ముందు ఎప్పటిలాగే రేడియో వినడానికి జనం చేరారు. గుర్వమ్మ కూడా వచ్చి ఒక వారగా కూర్చుంది. ఆరయింది. రేడియోలో సన్నాయి మోగింది. "ఒక మిస్త్రీ రాలేదు" అన్న మాటైనా లేదు. పావుగంటా సన్నాయే. జనం చాయ్ గ్లాసుల వంక చూస్తూ విన్నారు.

అప్పుడే క్యాంపు లారీ రోడ్డు మీద వెళ్ళింది. గుర్వమ్మ తల పక్కకు వంచింది.

"దగ్గు లేదు. ఆయన చెయ్యి పడ్డది," అంది. "ఇగ వస్తడు." లేచి, స్నానానికి నీళ్ళు కాగబెట్టడానికి ఇంటికి నడిచింది.

నీళ్ళు కాగాయి. ఊరి కావలికారు పోచయ్య వచ్చాడు గాని వాకిలి దాటి లోపలికి రాలేదు.

"వదినా, పంచనామా రాసిండ్రు. పారిపోతుంటే కాల్చినమని."

గుర్వమ్మ పొయ్యిలోని కట్టెలను వెనక్కి లాగింది. ఒక్కొక్కటే.

పారిపోతుంటేనట. షెడ్డు నుంచి హోటలుకు నడవడానికే మధ్యలో ఒకసారి ఆగే మనిషి పారిపోయాడట. లారీ బాగయ్యేదాకా పారిపోని మనిషి, బాగవగానే పారిపోయాడట. దాన్ని విచారణ అన్నారు. విచారించింది ఊరు; సంతకం వాళ్ళది. ఏ రోడ్డు మీద, ఏ కాలితో అని అడగడానికి కాగితంలో జాగా లేదు.

మర్నాడు హనుమమ్మ క్యాంపు దాకా పోయి, బెల్లం పెట్టింది తానేనని పొద్దుగూకేదాకా చెప్పింది. కేసు మూసేశామని జవాన్లు ఆమెను తరిమేశారు. మరుసటి గురువారం రేడియోలో ఎవరో పంతులు తోటకూర సాగు గురించి కాగితం చూసి చదివాడు. క్యాంపు లారీ మాత్రం ఊళ్ళ మీద పడి తిరుగుతూనే ఉంది, ఒక్క దగ్గు లేకుండా.

గుర్వమ్మ అంబలికి కొత్త తెడ్డు కొనుక్కుంది. పాతది షెడ్డులో గూటానికి, ఉతికిన అంగీ పక్కనే వేలాడుతోంది. ఒక కొన నూనెతో నల్లగా. రెండో కొన చెవికి ఆనీ ఆనీ అరిగి, ఒక్క మనిషి చెవికే సరిపోయేంత నున్నటి గుంటతో.