జనాభా లెక్కల్లో హన్నమ్మ

అమలాపురం శివార్లో కొబ్బరితోట కొట్టేసి ఇళ్ళస్థలాలు వేశాక, చూస్తుండగానే అక్కడో చిన్న ఊరు లేచింది. ఐనవిల్లి నుంచి పురోహితులు, ఐ.పోలవరం నుంచి ఎండుచేపల బేరగాళ్ళు, కొత్తపేట నుంచి మాస్టార్లు వచ్చి చేరారు. ఎవరి తాతలెవరో ఎవరికీ తెలీదు. గుమాస్తా దానానికి ఆ కాలనీ నచ్చింది అందుకే. పల్లెలో అయితే అతని కులమూ మతమూ కుక్కపిల్లక్కూడా తెలుసు.

కానీ తల్లి ఆ సుఖం దక్కనిస్తేనా! హన్నమ్మ చీకటితోనే లేచి, వాకిలి ఊడుస్తూ యేసు కీర్తన ఎత్తుకునేది. గొంతా, మామూలుది కాదు. పక్కింటి చేపల పైడమ్మ ఆ పాట వినే పొయ్యి వెలిగించేది.

1981 ఫిబ్రవరిలో జనాభా లెక్కలు మొదలయ్యేసరికి దానం గుండెల్లో రాయి పడింది. అతని ఉద్యోగం ఎస్సీ కోటాలో వచ్చింది. క్రైస్తవులకి ఆ కోటా లేదు గనక సర్టిఫికెట్లో హిందువు. ఇప్పుడు లెక్కల్లో నిజం చెబితే ఆ కాగితం తిన్నగా ఆఫీసరు చేతికి పోతుందని అతని భయం.

"హిందువులమని చెప్పమ్మా. ఒక్క మాటే. పిల్లల కూడు పోద్ది," అని బతిమాలాడు.

"ఈ వయసులో దేవుణ్ణి కాదనమంటావేంట్రా?" అంది హన్నమ్మ.

లెక్కలు రాసే బుచ్చిరాజు మాస్టారు వచ్చారు. దానం తన మతం హిందూ అని రాయించాడు.

"మరి మామ్మగారిదండీ?"

ఆవిడ కొడుకు మొహంలోకి చూసింది. "ఆయ్, నాదీ అదేనండి," అనేసి లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాటి నుంచి పాట లేదు.

"వంట్లో బాగోలేదా అక్కా? నీ పాట లేక నాకు తెల్లారినట్టే లేదు," అంది పైడమ్మ.

"గొంతు పోయిందమ్మా."

ఆదివారం మందిరంలో రొట్టె, ద్రాక్షరసం అందరికీ పంచారు. తప్పు చేశామనుకున్నవాళ్ళు వాటిని ముట్టుకోరు. హన్నమ్మ తలెత్తకుండా పళ్ళెం పక్కావిడకి అందించేసింది. దానం సిగ్గుతో చచ్చిపోయాడు. అయినా, వచ్చేవారానికి సర్దుకుంటుందిలే అనుకున్నాడు. ఆ వారం దాటకుండానే గుండె పట్టేసి హన్నమ్మ పోయింది.

మార్చి మొదట్లో మాస్టారు మళ్ళీ వచ్చారు. "పుట్టినవాళ్ళనీ పోయినవాళ్ళనీ సరిచూడమన్నారండి."

"మా అమ్మ పోయిందండి. ఆవిడ క్రిస్టియనండి. అలా మార్చండి."

"అయ్యో! పోయినవాళ్ళని కొట్టెయ్యడమే గానీ మార్చడం ఉండదండి," అంటూ ఆయన హన్నమ్మ పేరు మీద గీత గీశారు. గీశాక, "అప్పుడే చెప్పకపోయేరా? ఆఫీసు భయమాండీ? ఈ కాగితాలు ఏ ఆఫీసుకీ చూపించకూడదని చట్టమేనండి. మొత్తం లెక్కే గానీ పేర్లు బయటికి రావు," అన్నారు.

దానం అరుగు మీద కూలబడ్డాడు. ఎవరినైనా ఒక్క మాట అడిగుంటే తెలిసేది. ఎందుకడుగుతున్నావంటారని అడగలేదు.

"మీది మార్చమంటారాండీ?"

"మార్చండి. క్రిస్టియన్నే!" అన్నాడు, పక్కింటికి వినబడేలా. ఇప్పుడు ఆ మాట అనడానికి ధైర్యమే అక్కర్లేదు. అయినా, అమ్మ విందేమోనని వాకిట్లోకి చూశాడు. చీపురు గోడకి చేరేసి ఉంది.