కోరానికి ఒకరు తక్కువ

రాట్కా తొమ్మిదేళ్ల క్రితం బితోలా పట్టణ సర్వేయర్ల సంఘం కార్యవర్గంలోకి ఎన్నిక లేకుండా, కోఆప్షన్ సభ్యురాలిగా వచ్చింది. ఉన్న కార్యదర్శి మంచాన పడితే, వచ్చే సర్వసభ్య సమావేశం దాకా పని చూసిపెట్టమన్నారు. నియమావళి కూడా అదే అంటుంది: ఆ సమావేశం మొదలైన క్షణాన కోఆప్షన్ పదవి రద్దవుతుంది. అంతా బాగానే ఉంది గానీ, సమావేశం మొదలైతేగా! కోరం కావాలంటే హాల్లో ముప్పై ఒక్కరుండాలి. ఏ ఏడూ ఇరవై దాటలేదు. రాజీనామా చేద్దామన్నా దాన్ని ఆమోదించాల్సింది ఆ సమావేశమే. ఏ మహానుభావుడు రాశాడో గానీ.

ఉత్తరాలు, ఫిర్యాదులు, లైసెన్సుల తగాదాలు అన్నీ ఆమె నెత్తినే. అరవై నాలుగేళ్లొచ్చాయి, చూపు మందగించింది. ఇలాగే సాగితే ఆ కుర్చీలోనే పోతానేమోనని నిజంగానే భయం పట్టుకుంది. అందుకే ఈసారి నెల రోజులు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, మట్టిపాత్రలో కాల్చిన చిక్కుడుగింజలు పెడతామని ఊరించింది.

శనివారం పదకొండింటికి అధ్యక్షుడు బ్లాగోయా తలలు లెక్కపెట్టాడు.

"ముప్పై ఒకటి! గట్టెక్కావు రాట్కా!"

"ముప్పై," అంది ఆమె నీరసంగా. "నన్ను కలిపేశావు. కోఆప్షన్ వాళ్లు కోరంలోకి రారు."

"అబ్బా, ఎవడు చూడొచ్చాడు? రాసెయ్యి."

రాసెయ్యాలనే ఉంది. కానీ నలభై ఏళ్లు పొలాల గట్లు కొలిచిన చెయ్యి. ఉన్నది ఉన్నట్టు తప్ప రాయడం దానికి చేతకాదు.

బయట నడవాలో ట్రాయ్చే అనే సర్వేయరు సిగరెట్ కాలుస్తున్నాడు. రాట్కా అతని దగ్గరికి వెళ్లింది.

"లోపలికి రా తమ్ముడూ, నీకు పుణ్యముంటుంది. ఒక్కడివే తక్కువ."

"నేను రానక్కా. భోజనాలకి పిలువు, వస్తా."

"ఏం, ఎందుకు రావు?"

"నేనొస్తే నువ్వు దిగిపోతావు. ఆ కుర్చీ ఎవరికి అంటగడతారు? అందర్లోకీ చిన్నోణ్ణి నేనేగా!"

జనం బద్ధకంతో రావడం లేదనుకుంది ఇన్నాళ్లూ. కాదు, భయపడి రావడం లేదు. ఆమెకు ఏడుపొచ్చింది. లోపలికి వచ్చి కూర్చుంది.

అంతలో వంటవాళ్లు పాత్రలు తెచ్చారు. వాసనకి ట్రాయ్చే గుమ్మంలోంచి తొంగిచూశాడు. ఒక కాలు గడప మీద పడింది.

"కదలకు!" అని అరిచింది రాట్కా. "కొలవాలి!"

ఇంకెవరైనా అయితే పారిపోయేవాడు. కొలత తీస్తుంటే గుర్తు కదలకూడదన్నది సర్వేయర్ల రక్తంలోనే ఉంటుంది. ట్రాయ్చే రాయిలా నిలబడిపోయాడు. ముప్పై మంది గుమ్మం చుట్టూ మూగారు.

"గడప హాలుదేనండీ."

"ఏం కాదు, హద్దు గోడ నడిమధ్యన పోతుంది."

"సరే, మధ్య నుంచే పట్టు టేపు!"

పట్టారు. బూటు పదకొండు సెంటీమీటర్లు లోపలుంది.

"బరువు ఏ కాలి మీదుందయ్యా?" అన్నాడు బ్లాగోయా.

"ముందు కాలి మీదే," అన్నాడు ట్రాయ్చే నిజాయితీగా. ఆ తర్వాత గానీ తనేమన్నాడో తెలిసిరాలేదు.

ముప్పై ఒకటి అని రాసి, రాట్కా కలం కింద పెట్టింది. సమావేశం మొదలైంది. బ్లాగోయా కార్యదర్శిగా ట్రాయ్చే పేరు చదివాడు.

"ఇది అన్యాయం అక్కా!"

"అన్యాయమే నాయనా. కాదని ఎవరన్నారు?"

చేతులెత్తమన్నారు. కోఆప్షన్ సభ్యులకు ఓటు ఉండదు. సమావేశం మొదలవగానే ఆ పదవి పోయింది గనుక ఇప్పుడామె మామూలు సభ్యురాలు. ట్రాయ్చే పాలిపోయిన మొహం చూసి ఆమెకు జాలేసింది, చాలా జాలేసింది. అయినా అందరికంటే ముందు ఆమే చెయ్యెత్తింది.