దారి కొమ్మ

సైమిని మంచు మింగింది రెయినో వల్ల. ఆ ఏడు మంచు మీది దారి కొమ్మలు పీకాల్సిన వంతు వాడిది. పీకలేదు. పదకొండేళ్ళుగా ఆర్వో ఈ సంగతి మీద ఎవరితోనూ వాదించలేదు. వాదించడానికి అందులో ఏమీ లేదు.

కిటికీకి కొట్టిన చలికాలపు చెక్కలో మూడో మేకు తుప్పుపట్టి బిగిసిపోయింది. మోకాలు గోడకి ఆనించి సుత్తి కొక్కెంతో లాగాడు. కీచుమంటూ వచ్చింది. చెక్క దించి గోడకి చేరవేసి, మేకుని రాయి మీద పెట్టి తిన్నగా కొట్టి జేబులో వేసుకున్నాడు. సెప్టెంబరులో మళ్ళీ అదే కావాలి.

అతనికి డెబ్బై ఆరేళ్ళు. ముప్ఫై ఎనిమిదేళ్ళు ఊరికీ ఎదుటి ఒడ్డుకీ మధ్య, ఇనప తాడు వెంబడి పంటు నడిపాడు. నాలుగు వందల మీటర్లు అటు, నాలుగు వందల మీటర్లు ఇటు. పాల బండ్లు, పెళ్ళి కార్లు, శవపేటికలు దాటించాడు. ఎక్కినవాళ్ళు నీళ్ళు చూశారు గాని అతన్ని చూడలేదు. రిటైరైన రోజున ఇచ్చిన గోడ గడియారం ద్వీపం మీది ఈ వేసవి దుంగల ఇంట్లోనే ఉంది. ఎవరైనా కీ ఇస్తేనే నడుస్తుంది.

తలుపు తీయగానే ఎలుకల వాసన, చల్లారిన పొయ్యి వాసన కలిసి ముఖానికి కొట్టాయి. పరుపులు ఒక్కొక్కటే ఎండలోకి ఈడ్చాడు. కిటికీ గట్టు మీద చచ్చిన ఈగల్ని అరచేత్తో ఊడ్చాడు. పొయ్యి వెనక భార్య సైమి రబ్బరు బూట్లు ఉన్నాయి. ఎడమ బూటులో సాలీడు గూడు కట్టింది. అతను బూట్లు ఎత్తి, వాటి కింద తుడిచి, మళ్ళీ అక్కడే పెట్టాడు. ప్రతి జూన్‌లోనూ చేసే పనే.

ఈ ఇంట్లో ఒకటుంది. అతను అడుగు వేసి ఆగాక, ఒక్క క్షణం తర్వాత, వెనక ఇంకో పలక కిర్రుమంటుంది. చెక్క సర్దుకుంటోందంతే. ఆ నేల పలకలు తనే చిత్రిక పట్టి వేశాడు గనక అతనికి బాగా తెలుసు. అయినా వెనక్కి తిరిగి చూడడు.

రేపు యుహానుస్, నడివేసవి పండగ. ఇవాళ సాయంత్రం నాలుగింటికి కూతురు టూలా, అల్లుడు, ఇద్దరు పిల్లలు వస్తారు. వాళ్ళతో సైమి తమ్ముడు రెయినో వస్తాడు. తొమ్మిది రోజుల కిందట టూలా ఫోన్‌లో చెప్పింది.

"మావయ్యకి వేసవి దాటడం కష్టమన్నారు నాన్నా. ఒక్కసారి మన ఆవిరిగదిలో కూచోవాలట. నీతో ఏదో మాట్లాడాలట."

"ఏం మాట్లాడాలి?"

"నాకు చెప్పలేదు. చెబితే నీ ముందే చెబుతాడట."

సరేనన్నాడు ఆర్వో. ఆ తొమ్మిది రాత్రులూ సరిగా నిద్రపట్టలేదు. వచ్చేవాడు చావు దగ్గరపడ్డ మనిషి. అలాంటివాడు నోరు తెరిస్తే మూయించడం ఎలాగో అతనికి తెలియదు. పక్కన టూలా కూర్చుని వింటుంది.

పదకొండు గంటలకి పడవ చప్పుడైంది. పక్క ద్వీపం హిల్కా. పొగబెట్టిన చేపలు, కొత్త బంగాళాదుంపలు తెచ్చింది. రేవు చెక్కల మీదకి ఎక్కుతూనే ఎండలో పరిచిన పరుపులు లెక్కబెట్టింది.

"ఆరు. అయితే వస్తున్న మాట నిజమేనన్న మాట, మీ బావమరిది."

"వస్తే రానీ."

"పదకొండేళ్ళు చర్చిలో కూడా వాడి బెంచీ మీద కూచోలేదు నువ్వు. ఇప్పుడు పరుపు ఆరబెడుతున్నావు."

"చాపలో చుట్టి పడుకోబెట్టమంటావా?"

"ఏ మంచం ఇస్తున్నావు? నడుం పడిపోయిందే, అదా?"

ఆర్వో చేపల బుట్ట అందుకున్నాడు. హిల్కా వెనకగది కిటికీల వైపు చూసింది. "వాటికి ఇప్పటికీ కర్టెన్లు లేవు. ఈ రోజుల్లో రాత్రి కూడా వెలుగేనయ్యా. జబ్బు మనిషి ఎలా పడుకుంటాడు?"

"కళ్ళు మూసుకుని."

"నీతో మాట్లాడటం కన్నా నీ పంటుతో మాట్లాడటం నయం. అది కనీసం గంటైనా కొట్టేది." ఆమె మోటారు తాడు లాగింది. పడవ తిరుగుతుండగా గొంతు తగ్గించి అంది. "వాడు ఏనాడూ ఎదురు చెప్పలేదు ఆర్వో. ఎవరెన్ని అన్నా సరే. నాకది వింతగానే ఉండేది."

ఆమె వెళ్ళాక వెనకగదిలోకి వెళ్ళాడు. ఆ కర్టెన్లే సైమి ఉతికి ఇస్త్రీ చేసి, ఆ ఆదివారం ఊరి నుంచి వీపున కట్టుకుని బయల్దేరింది. కర్టెన్లు మాత్రం దొరకలేదు. అతను రెండు గోధుమపిండి సంచులు కోసి, కిటికీలకి మేకులతో కొట్టాడు. గది మసకబడింది. నడుం పడిన మంచాన్ని అటకకి ఎక్కించి, తన మంచం తెచ్చి అక్కడ వేశాడు. ఎందుకు వేశాడో అడిగేవాళ్ళు లేరు.

తర్వాత ఆవిరి స్నానాల గది. బల్లలు బూడిదతో తోమాలి. పొయ్యి మీది రాళ్ళు తీసి, పగిలినవి పారేసి, మిగిలినవి పేర్చాలి. ఆవిరిలో ఒంటికి కొట్టుకునే బర్చ్ కొమ్మల కట్టలు రెండు కట్టి నీళ్ళలో వేయాలి. మోకాళ్ళ మీద కూర్చుని తోముతుంటే ఇక్కడా వెనక ఓ పలక కిర్రుమంది. ఆగాడు. తిరగలేదు. మళ్ళీ తోమాడు.

ఆ మార్చి శనివారం ఎండ బాగా ఉంది. ఊరి నుంచి ఈ ద్వీపానికి గడ్డకట్టిన నీళ్ళ మీదుగా దారి. దారి పొడుగునా ముప్ఫై అడుగులకొకటి, దారి కొమ్మగా, చిన్న దేవదారు మొక్క గుచ్చి ఉంది. మొక్క నిలబడి ఉంటే మంచు మోస్తుందని నమ్మి నడుస్తారు. పీకేశాక ఆ దారిన కుక్క కూడా పోదు. మొక్కలకి ఎర్ర ఊలు పీలికలు కట్టేది సైమి, మంచు తుపానులో కూడా కనబడాలని. రెయినో చిన్న బండి లాక్కుంటూ వచ్చి ద్వీపం వైపు మొదటి మొక్క పీకాడు.

"ఏం చేస్తున్నావురా?" రేవు మీద నుంచి అరిచాడు ఆర్వో.

"ఇరుకు దగ్గర మంచు నల్లబడింది బావా. తీసేస్తున్నా."

"ఉంచు. నేనిక్కడ గొడ్డలితో కొట్టి చూశా, మూరెడు మందం ఉంది. రేపు మీ అక్క కర్టెన్లు తెస్తుంది. సోమవారం తీద్దువు గాని."

"నువ్వు ఒడ్డున చూశావు బావా. ఇరుకులో అడుగున నీళ్ళు పారుతుంటాయి."

"ముప్ఫై ఎనిమిదేళ్ళు ఈ నీళ్ళ మీద బతికినవాడికి నువ్వు నేర్పుతావా?"

రెయినో బండి తిప్పుకున్నాడు. పీకిన మొక్క మళ్ళీ గుచ్చలేదు, బండిలో వేసుకుపోయాడు. మిగిలినవన్నీ నిలబడే ఉన్నాయి. ఆదివారం మధ్యాహ్నం సైమి వాటిని చూసుకుంటూ నడిచింది.

సైమి శవపేటిక ముందు ఎవరో అడిగారు, ఈ ఏడు కొమ్మలు పీకే వంతు ఎవరిదని. "రెయినోది," అన్నాడు ఆర్వో. అబద్ధం కాదు. రెయినో అతని వంక చూసి, టోపీ పెట్టుకుని బయటికి నడిచాడు. ఆ తర్వాత వాళ్ళిద్దరూ మాట్లాడుకోలేదు.

ఆర్వో బకెట్టు నీళ్ళు బల్లల మీద కుమ్మరించాడు. బూడిద నీళ్ళు పలకల సందుల్లోంచి కిందికి కారాయి. వాడు టూలా ముందు చెప్పేలోపు తనే చెప్పాలి. పడవ దిగగానే, సామాన్లు దించకముందే. ఏ మాటతో మొదలుపెట్టాలో రెండుసార్లు పైకే అనుకున్నాడు. రెండోసారి గొంతు బాగానే వచ్చింది.

నాలుగు దాటాక పడవ వచ్చింది. రేవు మీద నిలబడి తలలు లెక్కపెట్టాడు. టూలా, అల్లుడు, ఇద్దరు పిల్లలు. మళ్ళీ లెక్కపెట్టాడు.

పిల్లలు ఇంటివైపు పరిగెత్తారు. టూలా తాడు కట్టి, తండ్రి ముఖం చూడకుండా చెప్పింది. "మావయ్య తెల్లవారుజామున పోయాడు నాన్నా. నిన్న సాయంత్రం బూట్లు వేసుకుని, సంచి ఒళ్ళో పెట్టుకుని మంచం మీద కూచున్నాడట. నర్సు పడుకోమన్నా వినలేదట."

ఆర్వో తాడు ముడి చూశాడు. వదులుగా ఉంది. వంగి విప్పి మళ్ళీ కట్టాడు.

"ఇది నీకిమ్మన్నాడు." వార్తాపత్రికలో చుట్టిన పొడుగాటి వస్తువు పడవలోంచి తీసింది. "పదకొండేళ్ళ నుంచి వాళ్ళ వసారాలో మూల నిలబెట్టి ఉండేది. ఎవర్నీ ముట్టనిచ్చేవాడు కాదు. మీ నాన్నకి తెలుస్తుందన్నాడు."

కాగితం విప్పాడు. ఎండిన దేవదారు మొక్క. ఆకు ఒక్కటీ లేదు.

"ఏంటి నాన్నా ఇది?"

నోరు తెరిచాడు. అనుకున్న మాట అక్కడే, నాలుక మీదే ఉంది. టూలా ఎదురుచూసింది. వాళ్ళమ్మ చూసినట్టే, తల కొంచెం పక్కకి వంచి. చెప్పాల్సినవాడు పోయాడు. ఇక చెప్పేవాళ్ళు లేరు.

"దారి కొమ్మ," అన్నాడు. "ఆ ఏడు పీకే వంతు వాడిది."

"అది తెలుసు. అంతేనా?"

"అంతే. ఈ సంగతి ఇంకెప్పుడూ నా దగ్గర ఎత్తకు. నేనూ ఎత్తను."

టూలా సంచులు తీసుకుని ఇంట్లోకి వెళ్ళింది.

ఆవిరిగది వేడెక్కింది. పిల్లలు, అల్లుడు, టూలా స్నానాలు చేసి వచ్చారు. చివర ఆర్వో ఒక్కడే వెళ్ళాడు. ఒంటి మీద నీళ్ళు పోసుకోలేదు. రాళ్ళ మీద ఒక గరిటె నీళ్ళు చల్లి, ఆవిరి లేస్తుండగా తలుపు బయటినుంచి వేసి వచ్చేశాడు. చివరి ఆవిరి ఇంట్లోంచి పోయినవాళ్ళది. అది వాళ్ళకి వదిలేయాలి. లోపల బల్ల మీద ఏదో కిర్రుమంది. అతను ఆగలేదు.

వెనకగదిలో కొత్త దుప్పటి పరిచిన మంచం ముడత పడకుండా అలాగే ఉంది. దాని తలవైపు గోడకి దారి కొమ్మని ఆనించాడు. బెరడు ఊడిపోయింది, రెమ్మలు విరిగాయి. రంగు వెలిసిన ఊలు పీలిక ముడి మాత్రం, సైమి వేసింది వేసినట్టే, బిగిసి ఉంది.