హస్తవాసి

"పెద్దాడి మోకాలు కూడా కలుపుకో," అంది అత్తయ్య, కూరలో ఇంకో బంగాళాదుంప కలుపుకోమన్నంత మామూలుగా.

నేను చాప దులుపుతున్నాను. అప్పటికే ఆ వారం నా మీద ఆడపడుచు బదిలీ ఉంది, అత్తయ్య కంటి ఆపరేషన్ ఉంది, కింది వాటాలో వాళ్ళమ్మాయి కాన్పు ఉంది. "ఏ మోకాలు అత్తయ్యా, కుడిదా ఎడమదా?" అన్నాను. వెటకారంగానే అన్నాను. ఆవిడ మాత్రం నిజంగానే కాసేపు ఆలోచించి, "రెండూ కలుపుకో, ఎందుకైనా మంచిది," అంది.

మా ఇంట్లో దేవుడి ముందు కూర్చునే పని నాది. అంట్లు, బట్టలు, కరెంటు బిల్లు ఎలాగో ఇదీ అలాగే. హాల్లో ఓ మూల చిన్న అలమర, అందులో దీపం, కింద చాప. పొద్దున్నే ఏమీ తినకుండా అరగంట కూర్చుని, ఇంట్లో ఎవరికేం కావాలో అన్నీ తలుచుకోవాలి. పెళ్ళయిన కొత్తలో మావయ్యకి జ్వరం వచ్చి తగ్గలేదు. ఆస్పత్రిలో డాక్టర్లు మేము చేయగలిగిందంతా చేశాం అన్నారు. అత్తయ్యకి కాళ్ళూ చేతులూ ఆడలేదు. "కొత్తగా అడుగుపెట్టినదానివి, నువ్వు కూర్చో," అంది. కూర్చున్నాను. మావయ్య లేచి ఇంటికొచ్చాడు. ఇక చూడండి, "మా కోడలి హస్తవాసి మంచిది," అని అత్తయ్య చుట్టాలందరికీ ఫోన్లు చేసింది. హస్తవాసి అనే మాట డాక్టర్లకి వాడతారు. నాకు వాడేసరికి పొంగిపోయాను. ఆ ఇంట్లో నా గురించి ఎవరైనా అన్న మొదటి మంచిమాట అది. పొంగిపోయినందుకు ఇప్పటికీ అనుభవిస్తున్నాను.

తర్వాత చాలా ఏళ్ళకి మావయ్య పోయాడు. వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయాక, గిన్నెలు సర్దుతున్న నాతో అత్తయ్య మెల్లగా అంది. "ఆ వారం నువ్వు డ్యూటీకి తొందర తొందరగా వెళ్ళావు కదమ్మా, సరిగ్గా కూర్చోలేదనుకుంటా." కోపంగా అనలేదు. ఉప్పు కాస్త తక్కువైంది అన్నట్టే అంది. కోపంగా అని ఉంటే నేనూ ఏదో ఒకటి అని ఉండేదాన్ని.

మా ఆయన కాలేజీలో ఫిజిక్స్ చెబుతాడు. దేవుడంటే నమ్మకం లేదు. స్నేహితులొస్తే టీ కప్పు పట్టుకుని, "మా ఇంట్లో రెండు డిపార్ట్‌మెంట్లు. సైన్సు నాది, దేవుడు మా ఆవిడది," అని నవ్విస్తాడు. ఆ టీ పెట్టి ఇచ్చిన నేను రోజంతా చేసేది ఆస్పత్రి ల్యాబులో రక్తాలు పరీక్షించడం, కణాలకి రంగులేసి మైక్రోస్కోపు కింద పెట్టడం. అది ఆయనకి గుర్తుండదు. నేను ఇంటికొచ్చేది కూరలతో కదా, మైక్రోస్కోపుతో కాదు. ఈ కూర్చునే పని నా వల్ల కావడం లేదని ఒకసారి చెప్పాను. "నాకు మాత్రం నమ్మకమా ఏంటి? అమ్మ తృప్తి కోసం. నీకు పోయేదేముంది, అరగంటేగా," అన్నాడు. తల్లి తృప్తి ఆయనది, అరగంట నాది.

ల్యాబులో పొద్దున్నే మేం చేసే మొదటి పని, యంత్రం నిజం చెబుతోందో లేదో చూసుకోవడం. ఫలితం ముందే తెలిసిన శాంపిల్ ఒకటి పెడతాం. దాన్ని కంట్రోల్ అంటాం. అది సరిగ్గా వస్తేనే మిగతావాటిని నమ్ముతాం. మరి నా అరగంటకి కంట్రోల్ ఏదీ అనుకునేదాన్ని. ఆడపడుచు కూతురి పరీక్షలప్పుడు నాకు వరసగా నైట్ డ్యూటీలు పడ్డాయి. పొద్దున్నే వచ్చి చాప మీద కూర్చోగానే కళ్ళు మూతలు పడేవి. ఆ పిల్ల పరీక్షలు జరిగినన్నాళ్ళూ నేను గోడకి ఆనుకుని నిద్రపోయాను. పిల్ల ఫస్టు క్లాసులో పాసైంది. "చూశావా, హస్తవాసి అంటే అదీ," అంది అత్తయ్య. కళ్ళు మూసుకుని కూర్చుంటే నేను ప్రార్థిస్తున్నానో గుర్రుపెడుతున్నానో ఎవరికి తెలుస్తుంది?

అప్పటినుంచి ఆ అరగంట నాది చేసుకున్నాను. చాప మీద ఉన్నంతసేపు టీ పెట్టమని ఎవరూ అడగరు, సాక్సులెక్కడ అని అడగరు, ఫోన్ మోగితే వాళ్ళే ఎత్తుతారు. ఆ ఇంట్లో నన్ను ఏదీ తెచ్చిపెట్టమని అడగనివాడు ఆ అలమరలోవాడు ఒక్కడే. ఒకరోజు అలా కునుకు తీసి మెలకువ వచ్చేసరికి దీపం ఇంకా వెలుగుతోంది. నేను లేచేదాకా నన్నెవరూ కదపకుండా ఎవరో కాపలా ఉన్నట్టనిపించింది. ఏడుపొచ్చింది. ఎందుకో నాకే తెలియదు. అది భక్తో, ఒంటి అలసటో తేల్చే పరీక్ష మా ల్యాబులో లేదు. ఎవరికీ చెప్పలేదు. చెబితే మా ఆయన నవ్వేవాడు, అత్తయ్యేమో ఇంకో అరగంట పెంచేది.

కిందటి నెల స్నానం చేస్తుంటే రొమ్ములో గడ్డ చేతికి తగిలింది. బఠానీ గింజంత ఉంది. ఏమీ కాదులే అనుకుంటూనే అంట్లు తోమాను, బస్సెక్కాను, వెళ్ళి మా పెథాలజీ మేడమ్‌కి చెప్పాను. ఆవిడ తలుపేసి, గడ్డలోంచి కాస్త సూదితో తీసి స్లైడు మీద పరిచింది. ఆరోజు రంగులేసే అమ్మాయి సెలవు. నా స్లైడుకి నేనే రంగు వేసుకున్నాను. రంగు నీళ్ళలో ముంచి, తీసి, కడిగి, ఆరబెట్టాను. వేలసార్లు చేసిన పనే. ఆరోజు మాత్రం ఆ గాజుముక్క మీద రాసిన పేరు రెండుసార్లు చదువుకున్నాను.

మేడమ్ చాలాసేపు చూసింది. తర్వాత వెనక్కి వాలి కళ్ళజోడు తీసింది. "నీకు తెలుసుగా, సూదికి వచ్చినదాంట్లో ఇంతకంటే చెప్పలేను. మంచిదనీ చెప్పలేను, చెడ్డదనీ చెప్పలేను. గడ్డ తీసి చూడాల్సిందే," అంది. నేను తలూపాను. తలుపు దాకా వచ్చాక భుజం మీద చెయ్యేసి, "ఈలోగా దేవుణ్ణి తలుచుకో," అంది.

ఆవిడ ప్రేమగానే అంది. కానీ ల్యాబు కిటికీలోంచి ఈ మాట ఎన్నోసార్లు విన్నాను. డాక్టర్లు మందుల చీటీ మగవాళ్ళ చేతికిస్తారు. దేవుణ్ణి తలుచుకోమని మాత్రం ఆడవాళ్ళ వైపు తిరిగి చెబుతారు. సైన్సు చేతులెత్తేసిన చోట మా డ్యూటీ మొదలవుతుంది. మగవాళ్ళు కిందకెళ్ళి టీ తాగుతారు, ఆడవాళ్ళు అక్కడే గోడవార కూర్చుని పెదాలు కదుపుతుంటారు. ఆ రోజు బస్సులో కూర్చుని లెక్క వేసుకున్నాను. మోకాళ్ళకీ, కళ్ళకీ, బదిలీలకీ, పరాయివాళ్ళ కాన్పులకీ కూర్చున్నాను. నాకోసం ఎవరు కూర్చుంటారు?

ఇంట్లో చెప్పాను. మా ఆయన ముఖం పాలిపోయింది. నిజం చెప్పాలంటే ఆ పాలిపోవడం నాకు బాగుంది. కానీ కాసేపటికే తేరుకుని, "చాలావరకు మామూలు గడ్డలే అవుతాయి. రిపోర్టు రానీ. ఇప్పటినుంచే బెంగెందుకు?" అన్నాడు. అత్తయ్య కళ్ళొత్తుకుంది. "నీకేం కాదమ్మా. నీ హస్తవాసి సంగతి నాకు తెలుసు. నీకోసం నువ్వు కూర్చో," అంది.

ఇవాళ ఆపరేషన్. పొద్దున్నే లేచి అన్నం, కూర వండి మూతలు పెట్టాను. ఏమీ తినకూడదన్నారు కాబట్టి నా టిఫిన్ పని తప్పింది. సంచీ సర్దుకుంటుంటే మా ఆయన షేవింగ్ చేసుకుంటూ, "నేను సాయంత్రం కాలేజీ నుంచి నేరుగా వచ్చేస్తా. మీ ఆస్పత్రేగా, అందరూ తెలిసినవాళ్ళే. పొద్దుటినుంచీ నేనొచ్చి చేసేదేముంది?" అన్నాడు. నాకు జవాబు చెప్పే ఓపిక లేదు. ఇన్నేళ్ళుగా నాకు లేనిది ధైర్యమనుకునేదాన్ని. నాకు లేనిది ఓపిక.

అప్పుడు హాల్లోంచి అత్తయ్య గొంతు వినిపించింది. "పాపా, ఇలా రావే. అమ్మకి బాగా అయ్యేదాకా ఇకనుంచి నువ్వు కూర్చోవాలి. ఎప్పటికైనా నీకూ అలవాటు కావాలి కదా. ముందు అమ్మని తలుచుకో, ఆ తర్వాత నా కళ్ళు, పెదనాన్న మోకాళ్ళు."

నేను వెళ్ళేసరికి నా కూతురు చాప అంచున నిలబడి ఉంది. స్కూలు బ్యాగు భుజానే ఉంది. ఏం చెయ్యమంటావన్నట్టు నా వైపు చూసింది. పెళ్ళయిన కొత్తలో ఆ చాప దగ్గర నేనూ అలాగే నిలబడ్డాను. అప్పుడు నేను అలా చూడటానికి ఎదురుగా నావాళ్ళెవరూ లేరు.

"పాప కూర్చోదు అత్తయ్యా," అన్నాను.

"మరి ఎవరు కూర్చుంటారు? నేను కూర్చుందామంటే నా నడుము..."

"మీ అబ్బాయి కూర్చుంటారు."

మా ఆయన గడ్డానికి నురగతోనే బయటకొచ్చాడు. మొదట నవ్వబోయాడు. నా ముఖం చూసి ఆగిపోయాడు. "నేనేంటి? నాకు నమ్మకం లేదని నీకు తెలుసు కదా."

"నాకుందా అని మీరెప్పుడైనా అడిగారా?"

అత్తయ్య చేతిలోని కళ్ళజోడు ఒళ్ళో జారిపడింది. మా ఆయన నన్నూ, అలమరనూ, మళ్ళీ నన్నూ చూశాడు. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న ఆయనకి ఒక్కసారి కూడా తట్టలేదని ఆ చూపులోనే తెలిసింది. నాకు కోపం రాలేదు. ఎప్పుడో ఒక చోట కూలబడాల్సిన మనిషిని, ఇవాళ కూలబడుతున్నాను అనిపించింది, అంతే.

"అంటే... నీకు లేదా?" అంది అత్తయ్య. గొంతులో భయం ఉంది. పాపం, ఆవిడ ఇన్నేళ్ళూ నిబ్బరంగా బతికింది నా మీద నమ్మకంతో కదా.

"ఉందో లేదో నాకే తెలీదత్తయ్యా. చూసుకునే తీరికెక్కడిది? లేకపోయినా కూర్చోవచ్చు, అది మాత్రం తెలుసు. మనవాళ్ళ కోసం కూర్చుంటాం. ఆయనకి నేను ఆ మాత్రం సొంతమనిషిని అవుతాననుకుంటాను."

మా ఆయన కుళాయి కట్టడం మర్చిపోయినట్టున్నాడు, బాత్రూములో నీళ్ళు పోతున్న చప్పుడు వినిపిస్తోంది. ఎప్పుడూ నేనే వెళ్ళి కట్టేదాన్ని. వెళ్ళలేదు. ఆయనే వెళ్ళి కట్టి, ముఖం తుడుచుకుని వచ్చాడు. చెవి కింద ఇంకా కాస్త నురగ ఉంది.

"కాలేజీకి ఫోన్ చేసి చెబుతాను," అన్నాడు. "నీతో రమ్మంటే నీతోనే వస్తాను."

ఆ మాట నిన్న అని ఉంటే ఏడ్చేసేదాన్ని. "పాప వస్తుంది నాతో," అన్నాను. పాప స్కూలు బ్యాగు దించి నా సంచీ అందుకుంది.

ఆయన చాప మీద కూర్చున్నాడు. కాళ్ళెలా మడవాలో తెలియక అటూ ఇటూ కదిలాడు. ప్రపంచంలో ఏ వస్తువు ఎందుకు పడిపోతుందో పిల్లలకి లెక్కలతో సహా చెప్పే మనిషి, పరీక్షలో తెలియని ప్రశ్న వచ్చినట్టు నా వైపు చూశాడు.

"ఏమనుకోవాలి?"

"నేను ఇంటికి తిరిగి రావాలనుకోండి. చాలు."

నేను చెప్పులు వేసుకుంటున్నాను. వెనకనుంచి అడిగాడు.

"ఎంతసేపు కూర్చోవాలి, అరగంటేనా?"

"నేనొచ్చేదాకా," అన్నాను.