అడిగి తెచ్చిన కొమ్మ

సముద్రం ఒడ్డునున్న ఆ పాత తోటలో వచ్చినవాళ్ళకి చెట్లు చూపించే ఉద్యోగం కోడలిది. ఇంకా పర్మనెంటు కాలేదు. సరిగ్గా అప్పుడే అత్తగారికి తోట చూడాలని బుద్ధి పుట్టింది. ఆవిడ సంచిలో కొమ్మలు చుట్టుకొచ్చే తడిగుడ్డ కోడలి కంటబడింది. అత్తగారు అడుగుపెట్టిన తోట ఏదైనా కొమ్మ పోగొట్టుకోకుండా బయటపడిందా ఎప్పుడైనా!

"ఈ తోట వేసింది ఒక ఓడ కెప్టెన్. దీవులన్నీ తిరిగి, అక్కడివాళ్ళ కళ్ళుగప్పి, కోటు జేబుల్లో కొమ్మలు దాచి తెచ్చాడు," అని కోడలు చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. కెప్టెన్ విగ్రహం కిందే 'కొమ్మ తుంచితే జరిమానా' అని తోట సూపరింటెండెంటు పెట్టించిన బోర్డుంది. పెద్ద దొంగకి విగ్రహం, చిల్లర దొంగకి జరిమానా. లోకం తీరే అంత.

"ఈ నీలిపూల చెట్టు దేశం మొత్తానికి ఇదొక్కటే," అని కోడలు అంటుండగానే పుటుక్కున చప్పుడైంది. అత్తగారు ఆకాశంకేసి చూస్తోంది.

ఇంటికొచ్చాక కోడలు విరుచుకుపడింది. "నా ఉద్యోగం ఊడితే ఏం చేస్తారత్తయ్యా? నేనే అడిగి తెచ్చేదాన్నిగా!"

"అడిగి తెచ్చిన కొమ్మ బతకదే పిచ్చిదానా! దొంగకొమ్మే వేళ్ళూనుకుంటుంది," అంటూ ఆవిడ కుండీలో మట్టి నొక్కింది.

ఆ వానాకాలం తుఫానుకి తోటలోకి ఉప్పునీళ్ళొచ్చి నీలిపూల చెట్టు నిలువునా మాడిపోయింది. జనం వచ్చేదే దానికోసం. జనం రాకపోతే ముందు ఇంటికి పోయేది పర్మనెంటు కానివాళ్ళే. కోడలు చివరికి సూపరింటెండెంటు దగ్గర నిజం కక్కేసింది. ఆయన తిట్టలేదు. పరుగున ఇంటికొచ్చాడు.

బాల్కనీలో మొక్క మోకాలెత్తు పెరిగి నవనవలాడుతోంది.

"అమ్మా, ఒక్క కొమ్మ ఇప్పించండి. మీకు పుణ్యముంటుంది."

"ఇవ్వను," అంది అత్తగారు. "ఇస్తే చచ్చూరుకుంటుంది. నేను లోపల టీ పెడతాను. ఈలోగా ఇక్కడేం జరిగినా నాకు తెలీదు." కోడల్ని కూడా చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయింది.

జరిమానా బోర్డు పెట్టించిన పెద్దమనిషి అటూ ఇటూ చూశాడు. పుటుక్కున చప్పుడైంది. టీ కూడా తాగకుండా, కోటు జేబు అదిమి పట్టుకుని మెట్లు దిగిపోయాడు.

కొమ్మ బతికింది. కోడలి ఉద్యోగం పర్మనెంటు అయింది. చిగుళ్ళు కనబడగానే సూపరింటెండెంటుకి పాత పెద్దరికం తిరిగొచ్చింది. బయటికెళ్ళే ప్రతి సంచీ వెతకాలని ఆర్డరేశాడు. ఆ పని కోడలికే అప్పజెప్పాడు. మొదటి ఆదివారమే అత్తగారు ఏమీ ఎరగనట్టు వరసలో నిలబడింది.

కోడలు సంచిలో చెయ్యి పెట్టింది. వేళ్ళకి తడిగుడ్డ తగిలింది. గుడ్డలో ఏదో కొమ్మ.

"ఏమన్నా ఉందా?" అన్నాడు వెనకనించి సూపరింటెండెంటు.

"ఏం లేదు సార్," అంది కోడలు.