ఒకే బోల్టు కింద రెండు ఎర్త్ వైర్లు

ఇంటి షెడ్డులో కట్టుకున్న విమానానికి కరెంటు ఎక్కడెక్కడ దగా చేస్తుందో, ఆస్ట్రేలియాలోని ఆ విక్టోరియా గోధుమ చేల మధ్య నెవిల్‌కి తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదు. ధాన్యం గోదాముల్లో ఎలక్ట్రీషియన్‌గా జీవితమంతా గడిపిన మనిషి. ఏరో క్లబ్బులో ఎవరు విమానం కట్టినా తలకి టార్చి కట్టుకుని లోపల దూరి, "ఎర్ర వైర్లు రెండేసి వేసి మురిసిపోయావు సరే, నల్లవాటి సంగతేంటి నాయనా?" అని తగులుకునేవాడు. కరెంటు వచ్చే దారులు రెండు వేసి, తిరిగి వెళ్లే దారి మరిచిపోవడం అందరూ చేసే తప్పే. బ్యాటరీలు రెండు, కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్లు రెండు, స్విచ్చులు రెండు. చివరికి కరెంటు తిరిగి వెళ్లే నల్ల ఎర్త్ వైర్లు రెండూ తెచ్చి ఒకే బోల్టు కింద బిగించేస్తారు. ఆ బోల్టు వదులైందా, రెండూ ఒక్కసారే చస్తాయి.

అలాంటి నెవిల్ తన విమానంలో సరిగ్గా అదే చేశాడు. చేసి, చూసుకున్నాడు కూడా. భార్య లినెట్ పోయిన రెండో నెలలో, ఓ మధ్యాహ్నం ఆ బోల్టు ఆయన కంటబడింది. పక్కనే ఇంకో కన్నం వేసి ఇంకో బోల్టు పెడితే సరి, అరగంట పని. ఆ ఇంజనుకి నిప్పురవ్వ కూడా కరెంటుతోనే పుట్టాలి. కరెంటు పోతే గాల్లోనే ఆగిపోతుంది, కింద పడితే మనిషి మిగలడు. అదీ తెలుసు. తెలిసీ టార్చి ఆర్పేసి, ఇంట్లోకెళ్లి టీ పెట్టుకున్నాడు.

ఏమీ అనిపించలేదు. అసలు దేని గురించైనా ఏదైనా అనిపించడం ఆయనకి ఎప్పుడో ఆగిపోయింది. రెండు పూటలా కాల్చిన రొట్టె, నిలబడే తినడం. ఊళ్లోవాళ్లేమో "ఎంత గుండె నిబ్బరం!" అని మెచ్చుకున్నారు. నిబ్బరమా, నా మొహమా! లోపల మనిషుంటే కదా నిబ్బరమో బెంగో ఉండేది.

క్లబ్బుకో ఆనవాయితీ ఉంది. కొత్త విమానం తొలిసారి ఎగిరే ముందు దాని తోకని ట్రాక్టరుకి కట్టేసి ఇంజను నడుపుతారు. ఒక్కొక్కరే వచ్చి తమకి తోచినదొకటి పీకి, మళ్లీ పెట్టేస్తారు. ఇంజను ఆగితే విమానం కట్టినవాడు అందరికీ బీరు పోయించాలి. ఆ శనివారం నెవిల్ వంతు వచ్చింది. సీట్లో కూర్చుని ఇంజను నడుపుతున్నాడు. ఒకడు ఫ్యూజు పీకాడు. ఒకడు బ్యాటరీ వైరు ఊడదీశాడు. ఇంజను హాయిగా తిరుగుతూనే ఉంది.

"ఒరేయ్, ఈయన దగ్గర మన గొంతు తడవదురా," అన్నాడు ముసలి క్లారీ.

అప్పుడు గ్లెండా ఎక్కింది. లినెట్ చెల్లెలు. ఇరవై ఏళ్లు చేల మీద మందు చల్లే విమానం నడిపిన మనిషి, నోరు కూడా ఆ ఇంజనంతే.

"జరుగు బావా, నీ పరువు తీసిపెడతాను," అని పక్క సీట్లోంచి కిందికి దూరింది. ఏ స్విచ్చూ ముట్టుకోలేదు. నల్ల వైర్ల వెంట వేలు పోనిచ్చింది. ఆ వేలు ఎక్కడ ఆగుతుందో నెవిల్‌కి తెలుసు. ఆగింది కూడా.

"పానా ఇటివ్వు," అంది గ్లెండా. ఇచ్చాడు.

ఆమె ఆ బోల్టు వదులు చేయగానే ఇంజను ఠక్కున ఆగిపోయింది. బయట ఒకటే ఈలలు. "ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడింది!" అని క్లారీ కడుపు పట్టుకు నవ్వాడు. అందరూ సాసేజ్‌లు వేగుతున్న పొయ్యి దగ్గరికి పోయారు. గ్లెండా మాత్రం నవ్వలేదు.

ఇద్దరూ దిగి తోక దగ్గరికి వచ్చాక అడిగింది. "నువ్వు చూడలేదంటే నేను నమ్మను. చూశావు, అవునా?"

"చూశాను."

"మరి?"

"ఏమీ అనిపించలేదు గ్లెండా. చావాలనీ లేదు. బతకాలనీ లేదు. ఊరికే వదిలేశాను."

"ఛీ! నీకసలు సిగ్గుందా?" ఆమె పెదాలు తెల్లబడిపోయాయి. బోల్టు మళ్లీ బిగించి వచ్చి, ట్రాక్టరు తాడు ముడి విప్పడం మొదలుపెట్టింది.

"ఏం చేస్తున్నావు?"

"తొలిసారి దీన్ని నేనే ఎగరేస్తాను. ఇప్పుడే. ఇలాగే."

"వద్దు."

"ఎందుకొద్దు? నీకేం అనిపించదుగా. నేను పడితే ఇంటికెళ్లి టీ పెట్టుకో."

తాడు జారింది. ఆమె రెక్క మీద కాలు వేసింది.

"వద్దన్నానా!"

ఆ కేకకి పొయ్యి దగ్గర వాళ్లంతా ఇటు తిరిగారు. నెవిల్ ఆమె మణికట్టు రెండు చేతులా పట్టుకుని ఉన్నాడు. భయమేసింది ఆయనకి, చిన్నపిల్లాడికేసినంత భయం. దాని వెనకే ఏడుపు తన్నుకొచ్చింది. అలాగే గడ్డిలో కూలబడి, సమాధి దగ్గర కూడా ఏడవని మనిషి, లినెట్ పేరు పెట్టి పిలుస్తూ గట్టిగా ఏడ్చాడు.

గ్లెండా పక్కనే చతికిలబడింది. ఆమె మొహమూ తడిసి ముద్దయింది.

"నువ్వు రాయిలా నిలబడ్డావని," అంది, "ఇన్నాళ్లూ మా అక్క కోసం నేనూ ఏడవలేదు బావా."